చిన్న ఇంటర్నెట్ సెంటర్లు - ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు : వ్రాతప్రతుల దృష్టితో ఒక పరిశీలనము

ప్రాచీన గ్రంథముల వ్రాతప్రతులను పరిశీలించువారు మొట్టమొదట లేఖకుని గూర్చియు, అతడు వాడిన సాధనమును గూర్చియు విచారింతురు. తాటియాకు, గంటము, కాగితము, కలము, సీసపు అచ్చు - వీనిలో ప్రతిదియు తాను మోసిన పాఠముపై తన గుర్తును విడిచినది. లేఖక ప్రమాదములని మనము పేర్కొను దోషములలో కొన్ని లేఖకుని అజ్ఞానమువలన కలుగగా, కొన్ని అతని చేతిలోని సాధనమువలన కలిగినవి. పాఠపరిష్కరణమున కృషి చేసినవారందఱకును ఈ సంగతి తెలిసినదే. ఐనను, నేటి లేఖకు డెవడు, నేటి సాధన మెట్టిది అను ప్రశ్నను మనము తఱచుగా వేసికొనుట లేదు.

నేడు తెలుగు శాఖలకు సమర్పింపబడు సిద్ధాంతవ్యాసములు పెక్కు టైపు చేయబడు స్థలము, విశ్వవిద్యాలయ ద్వారమున కెదుటనో బస్సు స్టాండు చెంతనో ఉండు చిన్న ఇంటర్నెట్ సెంటరు. అందు నాలుగైదు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు యంత్రము, గోడపై పుటకింత అని వ్రాసిన ధరల పట్టిక యుండును. అచ్చట కూర్చుండి టైపు చేయు యువకుడే మన కాలపు లేఖకుడు. అతడు వాడు సాఫ్ట్‌వేరే మన కాలపు గంటము. ఇట్టి సెంటర్లలో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును వాడుటవలన కలుగు ప్రయోజన మెట్టిది, అందలి చిక్కు లెవ్వి, అందు తెలుగు శాఖల కర్తవ్య మేమి అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మేము సాంకేతిక శాస్త్రజ్ఞులము కాము. తెలుగు పాఠము చెడకుండ నిలుచుట యెట్లు అను దృష్టితోనే ఈ విషయమును సమీపించుచున్నాము.

1. ఒక అనుభవము

కొన్ని యేండ్ల క్రిందట మా పర్యవేక్షణమున పనిచేయుచుండిన ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమునందలి రెండు ప్రకరణములను ఒక చిన్న సెంటరునందు టైపు చేయించి, పెన్ డ్రైవునందు మాకు తెచ్చి యిచ్చెను. మా గదిలోని కంప్యూటరునందు ఫైలు తెఱచుకొన్నది. కాని అందొక్క తెలుగక్షరము కూడ లేదు. రోమను అక్షరములు, కరెన్సీ గుర్తులు, యూరపు భాషల స్వరచిహ్నములు కలగాపులగముగా పుటలనిండ కనిపించెను. విద్యార్థి చేతనున్న కాగితపు ప్రతియందు మాత్రము అదియంతయు చక్కని తెలుగుగానే యున్నది.

సెంటరు యజమానిని విచారింపగా, ఆ ఫాంటు తమ కంప్యూటరునందు మాత్రమే కలదనియు, ఇతరులకిచ్చుటకు లైసెన్సు లేదనియు చెప్పెను. తుదకు, ఒక మార్పిడి సాధనముచేత ఆ ఫైలును యూనికోడునకు మార్పించితిమి. తెలుగు వచ్చినది, కాని అరసున్నలు పెక్కుచోట్ల పోయినవి. ‘మ’ ఉండవలసినచోట్ల ‘వు’ నిలిచినది. ఆ విద్యార్థి విషయము కావ్యపాఠాంతరముల పరిశీలనము. ఏది ప్రతియందలి పాఠాంతరమో, ఏది యంత్రము కల్పించిన పాఠాంతరమో తెలియరాక, అతడు రెండు ప్రకరణములను మూలప్రతులతో అక్షరమక్షరము మరల సరిచూచుకొనవలసి వచ్చెను. అందుకు అతనికి రెండు మాసములు పట్టినది.

ఇందు దోష మెవరిది? టైపు చేసిన యువకుడు తన పనిని శ్రద్ధతోనే చేసినాడు. విద్యార్థి అడిగినది కాగితముపై అందమైన పుట. అది అతనికి లభించినది. పర్యవేక్షకులమైన మేమును ఫైలు ఎట్టిదని ముందుగా అడిగినవారము కాము. ఈ అనుభవమే మమ్మీ విచారణకు పురికొల్పినది.

2. ఇంటర్నెట్ సెంటరు - పూర్వోత్తరములు

భారతదేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యము 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ సంచార నిగమ్ లిమిటెడ్ ద్వారా లభించినది. 1998వ సంవత్సరమున ప్రైవేటు సంస్థలకును అనుమతి లభించుటతో నగరములందును, పట్టణములందును ఇంటర్నెట్ సెంటర్లు వెలసినవి. ఇంట కంప్యూటరు లేని కుటుంబములకు అవి గంటల లెక్కన అద్దెకు దొరకు ద్వారములైనవి. విదేశములందలి పిల్లలకు ఉత్తరములు వ్రాయుటకును, పరీక్షాఫలితములు చూచుకొనుటకును జనులు అచ్చట వరుసలు కట్టెడివారు.

సెంటర్ల నిర్వహణకై కేంద్రప్రభుత్వము 2011వ సంవత్సరమున ప్రత్యేక నియమములను ప్రకటించినది. వచ్చినవారి గుర్తింపు పత్రమును చూచుట, రిజిస్టరునందు వివరములు వ్రాయుట, ఆ వివరములను ఒక సంవత్సరము భద్రపఱచుట, గదుల నడిమి అడ్డుగోడలు నాలుగున్నర అడుగులకు మించకుండుట మొదలగునవి అందలి ముఖ్యాంశములు.

చేతిఫోనులయందే ఇంటర్నెట్ లభించుట మొదలైన తరువాత, విశేషించి 2016 అనంతరము డేటా ధరలు తగ్గిన పిమ్మట, కేవలము ఇంటర్నెట్ చూచుటకై సెంటరునకు పోవువారు తగ్గిపోయిరి. ఎన్నో సెంటర్లు మూతపడినవి. మిగిలినవి తమ వృత్తిని మార్చుకొన్నవి. ప్రవేశపరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, ఉపకారవేతనముల పత్రములు, ఫోటోలు, స్కానింగు, ల్యామినేషను, ప్రాజెక్టు రిపోర్టులు, సిద్ధాంతవ్యాసములు - ఇవి నేడు వాని జీవనాధారములు. అనగా సెంటరు చూచుచోటు కాక వ్రాయుచోటుగా మాఱినది. ఈ మార్పు మన విషయమునకు ముఖ్యము. చూచుటకు వచ్చినవాడు చూచి పోవును. వ్రాయించుకొన్నవాని వ్రాత మాత్రము అతని వెంట పోయి, యేండ్ల తరబడి పనికి రావలయును.

3. ఓపెన్ సోర్సు అననేమి?

ప్రోగ్రాము వ్రాయువాడు మొదట దానిని మనుష్యులు చదువదగిన ఒక సంకేతభాషలో వ్రాయును. దీనికి సోర్సు అని పేరు. మన పరిభాషలో మూలప్రతి యనవచ్చును. యంత్రమునకు పనికివచ్చు రూపము దీనినుండి సిద్ధమగును. యంత్రరూపమును మాత్రమే అమ్మి, మూలప్రతిని దాచి యుంచిన సాఫ్ట్‌వేరు ఒక విధము. మూలప్రతిని కూడ బహిరంగపఱచి, దానిని చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును హక్కునిచ్చు సాఫ్ట్‌వేరు రెండవ విధము. ఈ రెండవదియే ఓపెన్ సోర్సు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983వ సంవత్సరమున అమెరికాయందు గ్నూ అను ప్రయత్నమును ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను అను సంస్థను స్థాపించెను. సాఫ్ట్‌వేరును ఏ పనికైనను నడుపుకొను హక్కు, మూలమును పరిశీలించి మార్చుకొను హక్కు, ప్రతులను పంచు హక్కు, మార్చిన ప్రతులను పంచు హక్కు - ఈ నాలుగింటిని స్వేచ్ఛలుగా ఆయన వర్గము నిర్వచించినది. వీనిని చట్టరీత్యా కాపాడుటకై జనరల్ పబ్లిక్ లైసెన్సు 1989లో వెలువడినది. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు అను కెర్నెలును వెలువరించి, మఱుసటి సంవత్సరము దానిని ఈ లైసెన్సు క్రిందికి తెచ్చెను. ఓపెన్ సోర్సు అను పేరు మాత్రము 1998లో వాడుకకు వచ్చినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అనువారికిని, ఓపెన్ సోర్సు అనువారికిని దృష్టిభేదము కలదు. మొదటివారు హక్కును, రెండవవారు నిర్మాణపద్ధతిని ప్రధానముగా చెప్పుదురు. ఈ వ్యాసమునకు ఆ భేదముతో పనిలేదు.

ప్రతులను సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి, మంచి పాఠమును నిర్ణయించు సంప్రదాయము మనకు క్రొత్తది కాదు. సి. పి. బ్రౌను పండితులచేత ప్రతులు సేకరింపజేసి, వేమన పద్యములను 1829లో ప్రకటించెను. ఒక ప్రతియందలి దోషమును మఱియొక ప్రతి తీర్చునన్న నమ్మకమే ఆ పనికి ఆధారము. ఓపెన్ సోర్సునందును మూలమందఱికిని దొరకును. దోషమును కనుగొన్నవాడు దిద్దుపాటును పంపును. నిర్వాహకులు పరిశీలించి గ్రహింతురు. ఒక మూలమునుండి వేఱుశాఖ చీలినప్పుడు దాని వంశవృక్షము కూడ లిఖితమై యుండును. ఓపెన్ ఆఫీసు అను కార్యాలయ సాఫ్ట్‌వేరు మూలమును సన్ సంస్థ 2000వ సంవత్సరమున బహిరంగపఱచగా, 2010లో దానినుండి లిబ్రె ఆఫీసు అను శాఖ చీలి నేటికిని వృద్ధినొందుచున్నది.

ఇచ్చట రెండు అపోహలను తొలగింపవలసి యున్నది. ఓపెన్ సోర్సనగా వెల లేనిదని కొందఱందురు. వెల లేకుండ దొరకునవి పెక్కు మూలము దాచినవియు గలవు. మూలమిచ్చి వెల పుచ్చుకొనుటయు లైసెన్సునకు విరుద్ధము కాదు. మూలమందఱికి తెలిసినచో ఎవడైనను వచ్చి మన కంప్యూటరును మార్చివేయునని మఱికొందఱు భయపడుదురు. ముద్రితగ్రంథ మందఱి యొద్దనున్నను, మన బీరువాలోని ప్రతిపై ఇతరుడు వ్రాయజాలడు కదా! ఇదియు నట్టిదే.

4. అక్షరమును నిలుపు రెండు పద్ధతులు

పైని చెప్పిన అనుభవమునకు కారణమును తెలిసికొనుటకు, కంప్యూటరునందు తెలుగక్షరము నిలుచు పద్ధతిని కొంత వివరింపవలెను.

కంప్యూటరు అక్షరమును బొమ్మగా కాక ఒక సంఖ్యగా దాచుకొనును. పాత తెలుగు ఫాంట్లకు 256 స్థానములకంటె ఎక్కువ లేవు. ఆ స్థానములును రోమను అక్షరములకును, గుర్తులకును ఏర్పడినవి. ఫాంటును చేసినవారు ఆ స్థానములలోనే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలగు ముక్కలను కూర్చిరి. ఏ ముక్కను ఏ స్థానమున నుంచవలెనో అందఱకును ఒకటే నియమము లేదు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున నుంచినది. కావున ఫైలునందు నిలుచునది రోమను సంకేతములే. ఫాంటు వానికి తెలుగు వేషము వేయును. ఆ ఫాంటు లేనిచోట వేషము తొలగి నిజరూపము కనబడును. కొన్ని ఫాంట్లయందు ‘మ’ అను అక్షరమును ‘వ’కార రూపమునకు కొమ్మును చేర్చియే నిర్మించుదురు. అందువలననే మార్పిడి సాధనమునకు ‘మ’, ‘వు’ అనువాని భేదము తెలియక, మా విద్యార్థి ప్రతియందు పొరపాటు జరిగినది.

యూనికోడు పద్ధతి వేఱు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానముల ప్రత్యేక ఖండము లభించినది. ఇందు సంఖ్య అక్షరమునకే గాని దాని ముక్కలకు కాదు. ‘క్ష’ అని వ్రాసినచో క, పొల్లు, ష అను మూడు సంఖ్యలు వరుసగా నిలుచును. వానిని కలిపి సంయుక్తాక్షరముగా చూపు పని ఫాంటుదియు, అక్షరములను కూర్చు సాఫ్ట్‌వేరుదియు. అనగా పాఠము వేఱు, దాని రూపము వేఱు. ఫాంటును మార్చినను పాఠము చెడదు. పదమును వెదకవచ్చును, అకారాది క్రమమున కూర్చవచ్చును, పదసూచికను సిద్ధము చేయవచ్చును. నిఘంటునిర్మాణమునకును, ప్రయోగసూచికలకును ఇది యెంత యుపకరించునో ఉపాధ్యాయులకు చెప్పనక్కఱలేదు.

యూనికోడును, ఓపెన్ సోర్సును ఒకటి కావు. మూలము దాచిన సాఫ్ట్‌వేరులును యూనికోడును వాడుచున్నవి; 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీ యందే గౌతమి అను తెలుగు యూనికోడు ఫాంటు కలదు. ఐనను చిన్న సెంటర్లయందు ఈ రెండింటికిని గట్టి సంబంధము కలదని మా యభిప్రాయము. ఏలయన సెంటర్లలోని పాత పద్ధతి కొన్ని పాత సాఫ్ట్‌వేరులకు కట్టువడి యున్నది. పుటలను కూర్చుటకు వాడు పేజ్‌మేకరునకు 2001లో వెలువడిన 7.0 కూర్పు తరువాత క్రొత్త కూర్పు రాలేదు. అది తెలుగు యూనికోడునకు పనికిరాదు. దానికి దీటైన క్రొత్త సాఫ్ట్‌వేరును కొనుట పుటకు కొన్ని రూపాయలార్జించు సెంటరునకు భారము. అందుచేత, లైసెన్సు లేని పాత ప్రతులతోనే పని జరుగుచుండును. ఓపెన్ సోర్సు ఈ ముడిని విప్పుటకు దొరకు సులభమైన మార్గము. ఖర్చు లేకుండ, చట్టమును మీఱకుండ, సెంటరు యూనికోడునకు రాగలదు.

తెలుగు శాఖలవారికి ఇందు మఱియొక విశేషము కలదు. ప్రాచీన శాసనములందు కాన్పించు ‘ఴ’కారమునకు యూనికోడునందు 2014లోను, నకారపొల్లునకు 2021లోను స్థానము లభించినది. దంత్య చ, జ లకు అంతకుముందే, 2008లో లభించినది. స్థానము లభించిన మాత్రమున అన్ని ఫాంట్లయందును రూపము లభింపదు. మూలము దాచిన ఫాంటునందు ఒక అక్షరము లేనిచో మనము దాని యజమానిని ప్రార్థింపవలసినదే. లైసెన్సు అనుమతించు ఫాంటునందైనచో, తెలిసినవానిచేత ఆ రూపమును చేర్పించి అందఱకును పంచవచ్చును. పోతన, వేమన అను పేర్లతో తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు నిర్మించిన ఫాంట్లు, లోహిత్ తెలుగు, బహిరంగ ఫాంటు లైసెన్సు క్రింద దొరకు మండలి, గిడుగు, సురవరము, తెనాలి రామకృష్ణ మొదలగునవి నేడు ఎవరైనను దింపుకొనదగియున్నవి. శాసనపాఠములను ప్రకటించు పండితులు ఈ సదుపాయమును ఉపేక్షింపరాదు.

5. సెంటరునందు వినియోగవిధానము

సామాన్యముగా చిన్న సెంటర్లలోని కంప్యూటర్లు పాతవి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8వ తేదీతోను, విండోస్ ఏడవ కూర్పునకు 2020 జనవరి 14వ తేదీతోను, పదవ కూర్పునకు 2025 అక్టోబరు 14వ తేదీతోను సామాన్య మద్దతు ముగిసినది. ఇట్లు మద్దతు ముగిసినప్పుడెల్ల యజమాని క్రొత్త యంత్రమును కొనుటయో, రక్షణ లేని పాతదానితో నెట్టుకొనివచ్చుటయో జరుగుచుండును. డెబియన్, ఉబుంటు మొదలగు లినక్సు పంపిణీలయందు తేలికపాటి తెరలను ఎన్నుకొన్నచో, అట్టి పాత యంత్రములు పెక్కు మరికొన్ని యేండ్లు పనిచేయును. హైదరాబాదునందలి స్వేచ్ఛ అను సంస్థ తెలుగు మెనూలతో ఒక పంపిణీని సిద్ధపఱచినది.

మఱియొక మార్గము, ఒక్క మంచి యంత్రమును మధ్యనుంచి తక్కినవానిని దానికి తెరలుగా వాడుట. 1999లో ప్రారంభమైన లినక్సు టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు ఉద్దేశ మిదియే. పక్క యంత్రములకు హార్డ్ డిస్కు లేకున్నను చెల్లును. అవి నెట్‌వర్కు ద్వారా మేల్కొని, మధ్యయంత్రమునందలి ప్రోగ్రాములను తమ తెరపై చూపును. సాఫ్ట్‌వేరును ఒక్కచోట నిలిపి, ఒక్కచోట దిద్దుకొన్న చాలును. బ్రెజిల్ దేశమున సావో పాలో నగరపాలకసంస్థ 2001 నుండి నెలకొల్పిన టెలిసెంట్రోలు అను ఉచిత కేంద్రములలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును వినియోగించి, పేదవాడలలోని వేలకొలది జనులకు కంప్యూటరును పరిచయము చేసినది. మన పొరుగున కేరళరాష్ట్రము పాఠశాలలయందు ఐటీ ఎట్ స్కూల్ అను పథకము క్రింద ఇట్టి సాఫ్ట్‌వేరునే ప్రవేశపెట్టినది.

సెంటరునకు వచ్చువారి రహస్యములను కాపాడుటయు ఒక బాధ్యత. ఒకడు లేచిపోయిన కుర్చీలో మఱియొకడు కూర్చుండును. మొదటివాని దరఖాస్తు, ఆధార్ ప్రతి, ఫోటో డెస్క్‌టాపుపై మిగిలిపోవుట మన మెఱిగినదే. లినక్సునందు అతిథి ఖాతాను ఏర్పాటు చేసి, వాడుకరి లేచిన వెంటనే అతని ఫైళ్లన్నియు తమంతట తామే తుడిచిపెట్టుకొని పోవునట్లు చేయవచ్చును. నియమములు కోరు రాకపోకల చిట్టా వేఱుగా నిలుచును. వాడుకరి పత్రములు నిలువవు. ఈ రెండింటిని వేఱుచేసి చూచుట అవసరము.

ఇక పనుల విషయము. వ్రాతపనికి లిబ్రె ఆఫీసు, ఇంటర్నెట్ చూచుటకు ఫైర్‌ఫాక్సు, ఫోటోలను కత్తిరించుటకు గింప్, ఆహ్వానపత్రములు గీయుటకు ఇంక్‌స్కేపు, పుటల కూర్పునకు స్క్రైబస్ ఉపయోగపడును. తెలుగు టైపునకు ఇన్‌స్క్రిప్టు అమరికయు, రోమను లిపిద్వారా వ్రాయు అమరికలును లినక్సునందు సిద్ధముగా నుండును. పాత పుస్తకపు పుటను స్కాను చేసి, టెసరాక్టు అను సాఫ్ట్‌వేరుచేత తెలుగు పాఠముగా మార్చవచ్చును. ఫలితమును మనుష్యుడు దిద్దవలసినదే. ఐనను, మొదటినుండి టైపు చేయుటకంటె శ్రమ తగ్గును. పాత పేజ్‌మేకరు ఫైళ్లను తెఱచు నేర్పు లిబ్రె ఆఫీసునకు 2015లో వెలువడిన 4.4 కూర్పునుండి కలదు. ఐతే అందలి అక్షరసంకేతములను యూనికోడునకు వేఱుగా మార్పింపవలెను.

6. ఆటంకములు

గుణములను మాత్రమే చెప్పి ఊరకుండుట పరిశోధనధర్మము కాదు. సెంటరువారితో మాటలాడినప్పుడు మాకు తెలిసిన చిక్కులను గూడ నిచ్చట పేర్కొందుము.

మొదటిది పరికరముల చిక్కు. కొన్ని ప్రింటర్లకును, స్కానర్లకును, వ్రేలిముద్ర యంత్రములకును తయారీదారులు విండోసునకు మాత్రమే తోడు ప్రోగ్రాము నిత్తురు. సెంటరునకు ప్రింటరే ప్రాణము. అది పనిచేయనినాడు తక్కిన గుణములన్నియు నిష్ప్రయోజనములు. కావున యంత్రమును మార్చుటకు ముందు ప్రింటరును పరీక్షించుకొనవలెను. ఒక కంప్యూటరునైనను పాతరీతిని ఉంచుకొనుట వివేకము.

రెండవది అచ్చుయంత్రశాలల చిక్కు. సెంటరు చేసిన పుటను అచ్చువేయవలసిన ప్రెస్సువారు పాత ఫాంటు ఫైలునే అడుగుదురు. తమ పద్ధతి మార్చుకొనుటకు వారికి ప్రేరణ లేదు. పీడీఎఫ్ రూపమున నిచ్చినచో ఈ చిక్కు కొంత తీఱును.

మూడవది అలవాటు. పదునైదేండ్లు ఒక కీబోర్డు అమరికపై వ్రేళ్లు తిరిగినవాడు క్రొత్త అమరికను నేర్చుకొనునంతకాలము అతని వేగము తగ్గును. వేగము తగ్గిన దినమున సంపాదన తగ్గును. మనము గ్రంథాలయమున కూర్చుండి ఇది యల్పమని యనవచ్చును. అతనికి అల్పము కాదు. పాత అమరికనే యూనికోడునందు వాడుకొను వీలును కల్పించుట దీనికి తగిన యుపాయము. అట్టి అమరికను వ్రాసి చేర్చుటకు ఓపెన్ సోర్సునందు అభ్యంతరము లేదు.

నాలుగవది ఫాంట్ల సౌందర్యము. పాత డి.టి.పి. ఫాంట్లలోని వైవిధ్యము యూనికోడు ఫాంట్లకు చాలకాలము లేకుండెను. నేడు పరిస్థితి బాగుపడినది గాని, శీర్షికలకును, శుభలేఖలకును కావలసిన వన్నెలు ఇంకను పెరుగవలసి యున్నది.

7. మన కర్తవ్యము

తెలుగు యూనికోడు పని సంస్థలవలన కంటె వ్యక్తుల పూనికవలన ఎక్కువగా సాగినదని చెప్పవచ్చును. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరునందు ప్రారంభించిన వెన్న నాగార్జునగారే, పాత ఫాంట్ల పాఠమును యూనికోడుగా చూపు పద్మ అను సాధనమును ఫైర్‌ఫాక్సునకు అనుబంధముగా నిర్మించి మూలముతో సహా పంచిరి. వీవెన్‌గారి లేఖిని అను సాధనముచేత రోమను అక్షరములతో తెలుగు వ్రాయుట నేర్చుకొన్నవారు అసంఖ్యాకులు. ఈ పనికి తెలుగు శాఖలు తోడుపడినది తక్కువ. ఈ మాట మమ్ము మేమే నిందించుకొనుచు వ్రాయుచున్నాము.

సిద్ధాంతవ్యాసముల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2009 నియమములయందు విధించినది. ఆ ప్రతులు శోధ్‌గంగ అను జాతీయ భాండాగారమున చేరుచున్నవి. ఆ భాండాగారము నడచుచున్న డీస్పేస్ అను సాఫ్ట్‌వేరు కూడ ఓపెన్ సోర్సే. కాని పాత ఫాంటుతో కూర్చిన తెలుగు వ్యాసము అచ్చట చేరినచో, కంటికి తెలుగుగా కనబడుచున్నను, వెదకువానికి తెలుగుగా దొరకదు. నన్నయ అని వెదకినవానికి, నన్నయను గూర్చి మూడువందల పుటలు వ్రాసిన వ్యాసమును ఆ యంత్రము చూపజాలదు. పాఠము లోపల నున్నవి రోమను సంకేతములు గదా! ఒక విద్యార్థి అయిదేండ్ల శ్రమ భాండాగారమునందుండియు లేనిదగుచున్నది. రాబోవు పరిశోధకుడు అదే విషయమును, పూర్వకృషి లేదని తలంచి, మరల మొదటినుండి ప్రారంభించు ప్రమాదము కలదు.

దీనికి మేము సూచించు ఉపాయములు స్వల్పములు. మొదటిది, తెలుగు శాఖలు సిద్ధాంతవ్యాసములను యూనికోడు ఫైలుగానే స్వీకరించు నియమమును చేసికొనవలెను. గిరాకీ మాఱినచో సెంటరు తానే మాఱును. యజమానులు వాదమునకంటె గిరాకీకి త్వరగా విందురు. రెండవది, అరసున్న, శకటరేఫము, ప్రాచీనలిపి అక్షరములు సరిగా చూపు ఒకటిరెండు బహిరంగ ఫాంట్లను ఎన్నుకొని, వ్యాసపు నమూనా ఫైలుతో సహా ద్వారము చెంత సెంటర్లకు పంచవలెను. ఇట్లు పంచుటకు ఆ ఫాంట్ల లైసెన్సులే అనుమతి నిచ్చుచున్నవి. మూడవది, కంప్యూటరు శాఖలోని విద్యార్థులను తోడుతెచ్చుకొని, సెంటరువారికి సంవత్సరమున కొక దినము శిక్షణ నీయవలెను. నాలుగవది, ఇప్పటికే పాత ఫాంట్లలో నున్న వ్యాసములను మార్పించి, మార్చిన పాఠమును కాగితపు ప్రతితో సరిచూపింపవలెను. పాఠపరిష్కరణము నేర్చుకొను విద్యార్థులకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు. యంత్రము చేయు లేఖక ప్రమాదములను వర్గీకరించుటయే ఒక పరిశోధనవిషయము కాగలదు.

మా విద్యార్థి వ్యాసము తుదకు యూనికోడునందే సమర్పింపబడినది. దానిని టైపు చేసినది మఱల ఆ సెంటరు యువకుడే. ఒక కంప్యూటరునందు లినక్సును, లిబ్రె ఆఫీసును నిలిపికొని, మొదటి పదిదినములు విసుగుకొన్నను, తరువాత అలవాటు పడెను. ఆ సెంటరున మిగిలిన కంప్యూటర్లు నేటికిని పాతరీతిగనే నడుచుచున్నవి. అచ్చుపని వానిమీదనే జరుగుచున్నది. ఇటీవల మేమచ్చటికి పోయినప్పుడు గోడపై ధరల పట్టికయందు క్రొత్తగా ఒక పంక్తి కనబడినది: ‘యూనికోడు తెలుగు టైపింగు చేయబడును.’ పుటకు ధర మాత్రము పాతదే.